తడి ఒంటికి పట్టుచీర

'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత పుట్టించిన మహానుభావులెవరో గాని, పాపం ఈ కాలపు బాత్రూములు చూడకుండానే పుట్టించేశారు. చూసి ఉంటే ఒక్క సామెతతో ఊరుకునేవారు కాదు. శతకమే రాసి ఉండేవారు.

నమ్మకం కుదరకపోతే ఈసారి ఎవరింటి గృహప్రవేశానికైనా వెళ్ళినప్పుడు గమనించండి. పూర్వం ఇంటికొచ్చిన ముత్తయిదువలకి దేవుడి మందిరం చూపించి మురిసిపోయేవాళ్ళు. ఇప్పుడు బాత్రూము చూపిస్తున్నారు. "రండి రండి, మా బెడ్రూం బాత్రూం చూద్దురుగాని" అని చెయ్యి పట్టుకుని మరీ తీసికెళతారు. ఒక గోడ మీద సముద్రం, ఇంకో గోడ మీద వెదురు పొద. పాలరాయిలా కనిపించేది పాలరాయి కాదు, టేకులా కనిపించేది టేకు కాదు. "అబ్బ, ఎంత బావుందండీ!" అంటాం. అనకపోతే బాగుండదు కదా! అంతేగాని, ఆ అందం వెనక గోడ ఎలా ఉందమ్మా అని ఒక్కరం అడగం.

అడగమనే నేను పోరుపెడుతున్నాను. స్నానాలగది గోడకి టైల్సు అతికించాలా, పీవీసీ షీట్లు బిగించాలా, ఇంకేదో కొత్తగా వచ్చిన బోర్డు కొట్టించాలా అన్నది రెండో ప్రశ్న. ఆ గోడకి నెమ్ము ఎక్కణ్ణించి వస్తోంది, దాన్ని ఎక్కడ ఆపుతున్నారు అన్నది మొదటి ప్రశ్న. మన ఇళ్ళల్లో రెండో ప్రశ్న మీద రెండు నెలలు చర్చలు జరుగుతాయి. మొదటి ప్రశ్న ఎవరి నోటా రాదు. ఇంటాయన మేస్త్రీకి వదిలేస్తారు. మేస్త్రీ "మీరేది తెస్తే అది అతికిస్తానండీ" అంటాడు. షాపువాళ్ళు మనల్ని సోఫాలో కూర్చోబెట్టి, కూల్ డ్రింకు చేతికిచ్చి, "మేడం, మీకే కలర్ ఇష్టం?" అంటారు.

రంగు! ఆడదాన్ని అడగదగ్గ ప్రశ్న అదొక్కటే అయినట్టు! గోడ లోపలి సంగతి మగవాళ్ళదీ, గోడ పైన రంగు ఆడవాళ్ళదీ అని ఈ పంపకాలు ఎవరు చేశారో, తెలీకడుగుతాను. ఆ రంగుగోడని వారం వారం తోమేదెవరు? మూలల్లో పాచి గీకేదెవరు? వాసన వస్తోందని ముందుగా పసిగట్టేదెవరు? "మేడంగారికి చెబితే అర్థం కాదులెండి సార్" అని నా ఎదురుగానే మా వారితో అన్నాడొక కాంట్రాక్టరు. నేను చదివింది బి.ఏ. మాట నిజమే. సిమెంటు రసాయనశాస్త్రం నాకు రాదు. కాని పాతికేళ్ళుగా బాత్రూం కడుగుతున్న అనుభవం నాకుంది. ఆయనకి లేదు.

సరే, టైల్సు దగ్గర మొదలుపెడదాం. టైల్సు వేయించాక గోడకి ఇంక నీళ్ళు పట్టవన్నది మనందరికీ ఉన్న గుడ్డినమ్మకం. ఈసారి షాపుకి వెళ్ళినప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. మామూలు గోడ టైలు ఒకటి తీసి బోర్లా తిప్పి, వెనకవైపు నాలుగు చుక్కలు నీళ్ళు వెయ్యండి. కొత్త కుండ మీద వేసినట్టు చూస్తుండగానే ఇంకిపోతాయి. ఎందుకంటే అది కాల్చిన మట్టే. నిగనిగలాడే గాజుపూత ముందువైపు మాత్రమే ఉంటుంది. గోడలకని అమ్మే మామూలు సిరామిక్ టైలు తన బరువులో పదోవంతు కంటే ఎక్కువ నీళ్ళు పీల్చుకోగలదు. అలాగని అది నాసిరకమని కాదు. మన దేశపు ప్రమాణాల పుస్తకమే, ఐ.ఎస్. 15622, ఆ రకం టైల్సుని ఆ లెక్కతోనే వేరు చేసి పెట్టింది. విట్రిఫైడ్ అనే రకం అర శాతం కంటే పీల్చదు. కాని దానితో ఇంకో తిప్పలు. నీళ్ళు పీల్చనిది సిమెంటు పాలని మాత్రం ఎందుకు పీలుస్తుంది? మామూలు సిమెంటు ముద్ద పెట్టి గోడకి అంటిస్తే కొన్నాళ్ళకి డొల్లబడి ఊడి కూర్చుంటుంది. దానికి వేరే జిగురు సిమెంటు ఉంటుంది. మేస్త్రీ "ఎందుకండీ దండగ, నేను అంటిస్తాగా" అన్నాడంటే ఒప్పుకోకండి.

పోనీ ముందువైపు గాజుపూత ఉందిగా, నీళ్ళు పడేది ముందువైపేగా అంటారేమో. ఒక్క లెక్క వేద్దాం. లెక్కల్లో నావెప్పుడూ పాసు మార్కులే, అయినా ఈపాటి వచ్చు. అయిదడుగులూ ఏడడుగులూ ఉన్న బాత్రూము. ఏడడుగుల ఎత్తు దాకా 12 అంగుళాలు, 18 అంగుళాలు ఉండే టైల్సు వేశారనుకోండి. తలుపు పోగా వంద టైల్సు పడతాయి. ఆ వంద టైల్సు మధ్య ఉండే సందులన్నీ కలిపి కొలిస్తే దగ్గర దగ్గర 250 అడుగులు! 250 అడుగుల పొడుగు సందులో మేస్త్రీగారు నింపేది చిటికెడు తెల్లసిమెంటు. అది నీళ్ళు పీలుస్తుంది. బోరు నీళ్ళ మరకలు పోవడం లేదని మనం బాత్రూం యాసిడ్ పోస్తామే, ఆ యాసిడ్‌కి బుస్సుమని పొంగి కరిగిపోతుంది కూడా. శుభ్రం చేస్తున్నామనుకుంటూ, ఉన్న ఆ కాస్త అడ్డూ మన చేతులతోనే తీసేస్తున్నామన్నమాట. కింద పరిచింది కడపరాయో, తాండూరు బండో అయితే మరీను. అవి సున్నపురాళ్ళు. యాసిడ్ పడితే నున్నదనం పోయి గరుకుతేలి, మురికి ఇంకా ఎక్కువ పడతాయి. మన పనిమనిషి చేతివేళ్ళ తొక్క ఊడుతుందే, అది వేరే సంగతి. అది ఎవరికీ లెక్కలోకి రాదు. అన్నట్టు, ఆ యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ గాని కలిసిందో, క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపేసుకుని కడుగుతున్న మనిషి ఊపిరాడక పడిపోగలదు. ఈ ఒక్కమాట మీ పనిమనిషికి ఇవాళే చెప్పండి. నా వ్యాసం తరవాత చదవొచ్చు.

కనక టైలు అనేది గోడకి కట్టిన చీర. నీళ్ళని ఆపవలసింది దాని వెనకాల, గోడకి రాసే పూత. సిమెంటులో పాలలాంటి ద్రవం ఒకటి కలిపి, కుంచెతో ఒకసారి అడ్డంగా, ఆరాక ఒకసారి నిలువుగా రాస్తారు. నేలా గోడా కలిసే మూలని గుండ్రంగా తిప్పి, అక్కడ సన్నటి వలగుడ్డ వేసి మరీ రాస్తారు. పైపులు గోడలోకి దూరే కన్నాల చుట్టూ రాస్తారు. స్నానం చేసేచోట మనిషెత్తు దాకా, తక్కిన చోట మూడడుగుల దాకా. ఇదీ అసలు పని. రెండురోజుల్లో టైల్సు కిందికి వెళ్ళిపోయి ఇంకెప్పుడూ ఎవరికీ కనపడదు. గృహప్రవేశంలో ఎవరూ మెచ్చుకోరు. అందుకే బడ్జెట్టులో ముందు కోత దానికే పడుతుంది. అయిదువేలు మిగిల్చి, ఆ అయిదువేలు పెట్టి హంసబొమ్మ ఉన్న టైలు కొంటాం.

ఇప్పుడు షీట్ల సంగతికొద్దాం. నా కోపం అసలు వీటి మీదే. కాదు, వీటి మీద కాదు, వీటిని అమ్మే పద్ధతి మీద.

పీవీసీ పలక నీటికి నానదు, ఉబ్బదు, చెదలు పట్టదు. అమ్మేవాళ్ళు చెప్పే ఈ మాటలన్నీ నిజమే. కాని సగం నిజాలు. నానకపోయేది పలక. గోడ కాదు. గోడలో ముందునుంచీ తడి ఉంటే, లేదా లోపల పైపు కారుతుంటే, ఆ నీరు ఎక్కడికి పోతుంది? ఇటుక నీటిని దీపపు వత్తి నూనెని లాక్కున్నట్టు లాక్కుంటుంది. ఆ తడి ఆరాలంటే గాలి తగలాలి. గాలి తగలకుండా పలక బిగించేశాం. పుష్కరస్నానం చేసి తడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, రైలు దిగాక మర్నాడు విప్పితే ఎలాంటి వాసన వస్తుందో మీకు తెలుసు. పలక వెనకాల గోడకి జరిగేది అదే. మర్నాడు విప్పం, పదేళ్ళు విప్పం, అంతే తేడా.

రాజమండ్రిలో మా అన్నయ్యా వాళ్ళింట్లో జరిగిన సంగతి చెబుతాను. అమ్మాయి నిశ్చితార్థం పదిహేను రోజులుందనగా బాత్రూం గోడ పెచ్చులూడటం మొదలుపెట్టింది. తెల్లటి ఉప్పులాంటి పొడి రాలేది. మగపెళ్ళివారు వస్తున్నారు, పరువు దక్కేదెలా? ఎవరో తీసుకొచ్చిన షీట్ల అతను చూసి, "ఒక్కరోజు పనండీ. గోడ ముట్టుకోం, దుమ్ముండదు, సప్పుడుండదు" అన్నాడు. అన్నట్టే సాయంత్రానికల్లా బాత్రూము కల్యాణమంటపంలా తయారైంది. చెక్కబద్దీలు కొట్టి వాటిమీద షీట్లు బిగించాడు. మగపెళ్ళివారు మెచ్చుకున్నారు. పిల్ల పెళ్ళయింది, అత్తారింటికి వెళ్ళింది.

రెండు వానాకాలాలు గడిచాయి. బాత్రూములో ఏదో వాసన. వదిన ఫినాయిలు మార్చింది, కర్పూరం పెట్టింది, జాలీలో సోడా పోసింది. ఎలక చచ్చిందేమోనని అటక దింపించింది. మా అమ్మ గది ఆ గోడకి ఆనుకునే ఉంటుంది. ఆవిడకి రాత్రిళ్ళు దగ్గు. డాక్టరుగారు మందులు మార్చారు. దిండ్లు మార్చాం. గోడ సంగతి ఎవరికి తడుతుంది? చివరికి గీజరు పైపు మార్చడానికొచ్చిన ప్లంబరు ఒక షీటు ఊడదీశాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. గోడంతా కాటుక పూసినట్టు నల్లటి బూజు. చెక్కబద్దీలు చేత్తో నలిపితే పిండయ్యాయి. బొద్దింకలు సంసారాలు పెట్టి మనవల్ని ఎత్తుకున్నాయి. వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "చూశావుటమ్మా, ఇన్నాళ్ళూ నేను ఈ షీటుని సబ్బుపెట్టి తుడుస్తున్నా" అంది.

ఇంతా చేస్తే కారణం ఏమిటయ్యా అంటే, గోడలో ఒక్క పైపు జాయింటు. చుక్క చుక్కగా కారుతోంది. అప్పుడే ఆ జాయింటు మార్చి ఉంటే పూటపని. రెండేళ్ళు పలక వెనకాల దాచినందుకు ఇటుక కనిపించేదాకా చెక్కి, ఆరబెట్టి, మళ్ళీ పూత పూయాల్సి వచ్చింది.

మా అమ్మ దగ్గుకి ఆ గోడే కారణమని కోర్టులో నిరూపించమంటే నా వల్ల కాదు. కాని నెమ్మూ బూజూ ఉన్న ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి దగ్గూ, ఆయాసం, ఉబ్బసం ఎక్కువగా వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఒక పుస్తకమే వేసింది. ముసలివాళ్ళూ పసిపిల్లలూ ఉన్న ఇంట్లో ఇది అలంకారం సమస్య కాదు.

కొత్తగా ఇంకో మాట వినిపిస్తోంది. ఆకుపచ్చ బోర్డు. తేమని తట్టుకునే జిప్సం బోర్డట. "అమెరికాలో అన్ని బాత్రూముల్లో ఇదే సార్" అంటారు. అమెరికా పేరు చెబితే మనం కాదనలేమని వాళ్ళకి తెలుసు. అక్కడ చాలా ఇళ్ళు కర్రచట్రాల ఇళ్ళు. గోడంటే చట్రానికి కొట్టిన బోర్డే. మనకి లక్షణమైన ఇటుక గోడ ఉండగా దానిమీద కాగితం చుట్టిన జిప్సం ఎందుకు? పోనీ అక్కడైనా సుఖపడ్డారా అంటే, షవరు కింద టైల్సు వెనకాల ఈ ఆకుపచ్చ బోర్డు నానిపోయి కుళ్ళిపోతోందని, 2006 నాటి వాళ్ళ ఇళ్ళ నిర్మాణ నియమావళే అక్కడ దాన్ని వాడొద్దంది. తేమని తట్టుకోవడం వేరు, నీళ్ళని తట్టుకోవడం వేరు. మనం చెంబుతో పోసుకునే జాతి! మన స్నానానికి గోడే కాదు, తలుపూ, కిటికీ, ఒక్కోసారి పైకప్పు కూడా స్నానం చేస్తాయి. ఆ బోర్డు మన దగ్గర వాష్‌బేసిన్ పైన కప్పుకి పనికొస్తుందేమోగాని, స్నానం చేసే మూలకి పనికిరాదు. సిమెంటు బోర్డు అయితే నీటికి కుళ్ళదు, ఒప్పుకుంటాను. కాని అదీ నీటిని తనలోంచి పోనిస్తుంది. దానికీ పూత తప్పదు. మళ్ళీ మొదటికే వచ్చాం.

ఈ గొడవంతా మన అమ్మమ్మలకి లేదే అంటారు కొందరు పెద్దలు. లేదు మరి. వాళ్ళ స్నానాలగది దొడ్లో ఉండేది. నాలుగు షాబాదు బండలు, చుట్టూ తడిక, పైన ఆకాశం. పొద్దెక్కేసరికి ఎండ పడి బండలు ఎండిపోయేవి. కాస్త కలిగినవాళ్ళయితే గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి మెత్తించిన గోడలు కట్టించేవారు. సున్నపు గోడ తడి పీల్చేది, ఎండ రాగానే వదిలేసేది. బాగానే ఉంది. అయితే ఆ రోజులు మళ్ళీ రావాలని మాత్రం నేను దండం పెట్టను. చీకటుండగానే లేచి, తడిక చాటున, ఎవరు తొంగిచూస్తారోనని భయపడుతూ, పాములకీ తేళ్ళకీ బెదురుతూ నాలుగు చెంబులు గుమ్మరించుకుని తడిచీరతో ఇంట్లోకి పరుగెత్తిన వాళ్ళెవరు? ఆడవాళ్ళే. తలుపు గడియపెట్టుకుని తీరిగ్గా స్నానం చేసే హక్కు మనకి ఇంట్లోకి బాత్రూము వచ్చాకే వచ్చింది. దాన్ని నేను వదులుకోను. నా దెబ్బలాటల్లా ఒక్కటే. బాత్రూముని ఇంటి కడుపులోకి తెచ్చినవాళ్ళు ఎండనీ గాలినీ తేలేదు. ఆ లోటు తీర్చడానికి రెండు పనులు చెయ్యాలి. ఒకటి పూత. రెండోది గాలి. జానెడు వెంటిలేటరు పెట్టి, దానికి అద్దాలు బిగించి, అవతల షాఫ్టులో పావురాలు రాకుండా అట్టముక్క అడ్డం పెడతాం. పాతిన ఎగ్జాస్టు ఫ్యానుని కరెంటు దండగని ఆపేస్తాం. నలుగురు ఒకరి తరవాత ఒకరు వేడినీళ్ళ స్నానాలు చేసిన ఆవిరి ఎక్కడికి పోతుందండీ? గోడకే పోతుంది. స్నానమయ్యాక ఓ అరగంట ఆ ఫ్యాను తిరగనివ్వండి. అదంత కరెంటు తాగే రాక్షసి కాదు.

"ఇన్ని తెలుసుకోవడం మావల్ల ఎక్కడవుతుంది?" అనకండి. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళ ఏడుతరాల చరిత్ర కూపీలాగే మనకి ఒక గోడ సంగతి తెలుసుకోవడం కష్టమా? చపాతీలు చుట్టే వెండికాగితం జానెడు ముక్క తీసుకుని, నీళ్ళు నేరుగా చిమ్మనిచోట, పొడిగుడ్డతో తుడిచిన గోడకి నాలుగంచులా టేపు అంటించండి. ఒక రోజు ఆగి చూడండి. కాగితం పైన చెమట పడితే అది గదిలోని ఆవిరి. గాలి సంగతి చూడాలి. కాగితం వెనకాల తడి ఉంటే అది గోడ లోపలి నీరు. అప్పుడు ప్లంబరుని పిలిచి, పైపుల్లోకి ప్రెషరు పంపు పెట్టి మీ కళ్ళముందు చూపించమనండి. ముల్లు నిలబడితే పైపులు మంచివి. పడిపోతుంటే ఎక్కడో కారుతోంది. ఇవి తేలకుండా ఒక్క టైలు కూడా కొనొద్దు. డిస్కౌంటు ఆదివారంతో అయిపోతుందన్నా సరే. మళ్ళీ దసరాకి ఇస్తారు.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. మనవి జీతాల సంసారాలు. ఉన్న టైల్సు పగలగొట్టించి, చెత్త మోయించి, పూత రాయించి, మళ్ళీ వేయించడమంటే చిన్న ఖర్చు కాదు. "అంత పెట్టలేకేగా షీట్లు" అని మా ఎదురింటావిడ నన్ను నిలదీసింది. ఆవిడ మాటలో అబద్ధం లేదు. అందుకే అంటాను, కనపడని చోట ఖర్చుపెట్టి, కనపడేచోట పొదుపు చెయ్యండి అని. పూత, పైపులు, నేలకి జాలీ వైపు సరైన వాటం, నీళ్ళు పడే మూలలో సందులకి నీరు పీల్చని ఎపాక్సీ. వీటిలో తగ్గొద్దు. పైన తెల్లటి సాదా టైలు చాలు. పాతకాలపు ఆస్పత్రిలా ఉందని ఎవరన్నా అననీయండి. తెల్లగోడ మీద బూజు చుక్క పుట్టినరోజే కనిపిస్తుంది. వెదురుపొద బొమ్మలో ఏడాదైనా కనిపించదు. నీళ్ళు పడని పై భాగానికి అసలు టైల్సే అక్కర్లేదు, గచ్చు చేసి రంగు వేస్తే ఖర్చు మూడోవంతు తగ్గుతుంది. అద్దెయిళ్ళలో ఉండేవాళ్ళూ, నిజంగా పొడిగా ఉన్న గోడ మరీ చూడబుద్ధి కాకుండా ఉన్నవాళ్ళూ షీట్లు వేయించుకుంటే నేను అడ్డం రాను. గీజరుకి దూరంగా ఉంచుకోండి, చాలు. పీవీసీ కాలితే వచ్చే పొగ విషం.

ఇంకో చిక్కుంది. తొందర. మనకి ప్రతి పనీ ఒక ముహూర్తానికి ముందే కావాలి. సంక్రాంతి అల్లుడొచ్చేలోగా, అమెరికా నుంచి అబ్బాయి దిగేలోగా. కొత్తగా మెత్తిన గోడకి వారంపాటు నీళ్ళు కొట్టాలి, తరవాత ఆరనివ్వాలి, అప్పుడు పూత. మేస్త్రీలకి ఇది తెలియక కాదు. "అమ్మగారే తొందరపెట్టారండీ" అనే మాట వాళ్ళకి మనం ఇవ్వకూడదు. అల్లుడుగారు నాలుగురోజులు హాలు పక్క బాత్రూములో స్నానం చేస్తే అరిగిపోరు.

ఫ్లాటుల్లో ఉండేవాళ్ళకైతే ఇది మన ఒక్కరి గొడవ కూడా కాదు. చాలా ఫ్లాటుల్లో బాత్రూం నేలని అడుగు లోతున దించి, ఇటుక ముక్కలతో నింపి పైన టైల్సు వేస్తారు. గోడ మూలల్లోంచి దిగిన నీరు ఆ ఇటుక ముక్కల మధ్య చెరువులా నిలుస్తుంది. మనకి తెలీదు. తెలిసేది కింది ఇంటివాళ్ళకి. వాళ్ళ కప్పు మీద ముందు పసుపుపచ్చ మరక, తరవాత ఇనుము తుప్పు, తరవాత అసోసియేషన్ మీటింగులో కేకలు. అత్తాకోడళ్ళలా కలిసి వత్తులు చేసుకునే ఆడవాళ్ళు ఈ నీటిచుక్క మూలంగా లిఫ్టులో ఎదురైనా మొహాలు తిప్పుకోవడం నేను చూశాను.

కనక పూత ఆరాక, టైల్సు వెయ్యకముందు, జాలీకి గుడ్డలు కుక్కి మూయించి, బాత్రూం నేలంతా రెండంగుళాలు నీళ్ళు పెట్టించండి. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీయండి. మేస్త్రీ విసుక్కుంటాడు, కూలీ దండగంటాడు. విసుక్కోనీయండి. రెండు రోజులు అలాగే వదిలేసి, గీత కిందికి నీరు దిగిందేమో చూడండి. ఆ తరవాత కిందకి వెళ్ళి, ఆ ఇంటావిడ తలుపు తట్టి, "పిన్నిగారూ, మీ బాత్రూం కప్పు ఒక్కసారి చూడనిస్తారా?" అని అడగండి. ఎప్పుడూ ఆవిడే పైకి వచ్చి మన తలుపు తడుతుంది. ఈసారి మనమే వెళ్ళామని ఆశ్చర్యపోయి కాఫీ ఇచ్చినా ఇవ్వొచ్చు.